1948 షెవర్లేలో ఉన్నది ఏ ఇంజిన్? పంచ్ నంబరు ఒకటి చెబుతుంటే కాస్టింగ్ నంబరు ఇంకొకటి చెబుతోంది

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెప్పుకుంటాను, తర్వాత చదివేవాళ్ళకు కూడా పనికొస్తుంది. మీ పెదనాన్నగారి 1948 షెవర్లే ఫ్లీట్‌మాస్టర్ చెన్నై పెరంబూరులో షెడ్డులో ఉంది. ఆర్సీ బుక్కులో ఇంజిన్ నంబరు ఎఫ్‌ఏఏ అక్షరాలతో మొదలవుతుంది. బ్లాకు కుడివైపు, డిస్ట్రిబ్యూటర్ వెనకున్న చిన్న చదును మీద కూడా అదే నంబరు ఉంది గానీ అక్షరాలు ఎగుడుదిగుడుగా ఉన్నాయి. అదే వైపు కిందుగా 38తో మొదలయ్యే ఏడంకెల నంబరు ఇనుములోంచి ఉబ్బెత్తుగా కనిపిస్తోంది. దాని దగ్గర్లోనే ‘సి 18 5’ అని ఉంది. ఉబ్బెత్తుగా ఉన్నదే అసలు ఇంజిన్ నంబరని, ఆర్సీలో అది ఎక్కించమని ఒకాయన చెప్పారు. చదును మీద గ్రైండర్ పెట్టి నంబరు తిన్నగా మళ్ళీ కొట్టించేయమని మెకానిక్ అన్నాడు. ఇది కారుతో పుట్టిన ఇంజినేనా అన్నది మీ సందేహం.

కాదు. మీరు పెట్టిన ఫోటోలు చూస్తే కారు 1948ది, బ్లాకు 1955ది. 216 ఉండాల్సిన చోట 235 కూర్చుని ఉంది (ఇవి ఘనపు అంగుళాల్లో ఇంజిన్ సైజులు, రెండూ షెవర్లే ఆరు సిలిండర్ల ఇంజిన్లే). ఎవరో ఇంజిన్ మార్చి, ఆర్సీలో ఉన్న పాత నంబరునే కొత్త బ్లాకు మీద పంచ్ కొట్టించారు. ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానో కింద వివరంగా రాస్తాను. అంతకంటే ముందు ఒక్క మాట: ఆ చదును మీద గ్రైండర్ పెట్టనివ్వకండి. ఎమరీ కాగితం కూడా వద్దు. ఆ కారు చరిత్రలో ఇప్పుడు మిగిలిన సాక్ష్యం ఆ వేలెడంత చోటే.

ఇంజిన్ మీద నంబర్లు రెండు రకాలు. రెండూ వేర్వేరు సంగతులు చెబుతాయి కాబట్టి కలిపి చూడకూడదు. ఉబ్బెత్తుగా ఉన్నది కాస్టింగ్ నంబరు. ఫౌండ్రీలో ఇసుక అచ్చు తయారు చేసేటప్పుడే ఆ అంకెలు అచ్చులో ఉంటాయి, కరిగిన ఇనుము పోస్తే బ్లాకుతో పాటే పుడతాయి. ఆ నమూనాతో పోసిన బ్లాకులన్నిటి మీదా అదే నంబరు ఉంటుంది, అవి వేలల్లో ఉంటాయి. కాబట్టి అది మీ ఇంజిన్‌కు మాత్రమే చెందిన నంబరు కాదు. దాన్ని ఆర్సీలో ఎక్కిస్తే రేపు ఇంకో ఊళ్ళో ఇంకో షెవర్లేకు కూడా అదే నంబరు బయటపడుతుంది. మీకు సలహా ఇచ్చినాయన మంచి మనసుతోనే చెప్పి ఉంటారు, కానీ ఆ పని చేయకండి.

లోపలికి దిగినట్టున్నది పంచ్ నంబరు. బ్లాకును మెషినింగ్ చేసి, ఇంజిన్ బిగించాక, ఉక్కు పంచ్‌లతో కొడతారు. అది ఆ ఒక్క ఇంజిన్‌ది. ఆర్సీలోకి ఎక్కేదీ అదే. అయితే పంచ్ సెట్టు, సుత్తి ఉన్నవాడెవడైనా దాన్ని కొట్టగలడు. కాస్టింగ్ నంబరును అలా మార్చడం చాలా కష్టం, చెరిపితే మచ్చ మిగులుతుంది. అందుకే ఈ రెండూ పొసగనప్పుడు ఇనుము ఏమిటన్నది కాస్టింగ్‌ను అడుగుతాను, కాగితాల్లో ఏముందన్నది పంచ్‌ను అడుగుతాను.

ఇప్పుడు మీ ‘సి 18 5’ సంగతి. ఇది పోత పోసిన తేదీ. షెవర్లే వాళ్ళు నెలను అక్షరంతో చూపేవారు: ఏ అంటే జనవరి, బి ఫిబ్రవరి, అలా ఎల్ వరకు, అది డిసెంబరు. తర్వాత రోజు, ఆ తర్వాత సంవత్సరంలో చివరి అంకె. అంటే ఇది మార్చి 18, చివర 5 వచ్చే ఏదో ఒక సంవత్సరం. చాలామంది ఇక్కడే చిక్కుకుంటారు, ఎందుకంటే ఒక్క అంకెతో దశాబ్దం తెలియదు. మీ విషయంలో తేల్చడం తేలికే. 1945 మార్చిలో యుద్ధం నడుస్తోంది, పౌరుల కోసం కార్ల తయారీ అప్పటికి ఆగిపోయే ఉంది. పైగా మీ బ్లాకు ఆకారం ఆ కాలానిది కాదు, ఆ సంగతి తర్వాత చెబుతాను. 1965 నాటికి ఈ తరం ఆరు సిలిండర్ల ఇంజిన్ కార్లలో లేదు, 1962తోనే దాని కథ ముగిసింది. ఇక మిగిలేది 1955. 38తో మొదలయ్యే ఏడంకెల నంబరు కూడా 1950ల మధ్యకాలపు 235 బ్లాకులతో సరిపోతుంది.

కారు 1948ది, బ్లాకు 1955ది. పుట్టని ఇంజిన్‌ను కారులో పెట్టలేరు కదా! ఈ తేదీ పరీక్షలో ఒక మెలిక ఉంది, దాన్ని అందరూ గుర్తుంచుకోవాలి. పోత తేదీ కారు తయారైన తేదీ కంటే తర్వాతిదైతే ఆ ఇంజిన్ కారుతో పుట్టింది కాదని ఖాయంగా చెప్పవచ్చు. ముందుదైతే మాత్రం ‘కావచ్చు’ అన్న దగ్గరే ఆగాలి. అదే నెలలో పోసిన వేరే కారు బ్లాకు కూడా అక్కడికి వచ్చి ఉండవచ్చు. పోత తేదీ సరిపోయిందని చూపించి ‘ఒరిజినల్ ఇంజిన్’ అంటూ అమ్మేవాళ్ళున్నారు. అది సగం నిజం మాత్రమే.

ఇక పంచ్ కొట్టిన చదును. 1948 షెవర్లే కార్లకు ఇంజిన్ నంబరు ఎఫ్‌ఏతో మొదలవడం సరైనదే. 1947కు ఈఏ, 1949కు జీఏ, 1950కి హెచ్‌ఏ, 1951కి జేఏ. ఐ అక్షరాన్ని ఒకటి అంకెగా పొరబడకుండా వదిలేశారు. కాబట్టి మీ ఆర్సీలో ఉన్నది నూటికి నూరు పాళ్ళూ 1948 కారుకు రావలసిన నంబరే. ఆర్సీ అబద్ధం చెప్పడం లేదు. కానీ 1955లో తయారైన ఇంజిన్ మీద ఆ తరహా నంబరు ఉండకూడదు. అప్పటికి పద్ధతి మారిపోయింది: ముందు సీరియల్ అంకెలు, తర్వాత ప్లాంట్ అక్షరం, ఫ్లింట్‌కు ఎఫ్, టొనవాండాకు టి, ఆపైన సంవత్సరం 55, చివర ఇంజిన్ రకాన్ని చెప్పే అక్షరం. ఫ్యాక్టరీ ముద్ర మిగిలి ఉంటే మీ బ్లాకు మీద అలాంటి వరుస కనిపించాలి. దాని బదులు ఎఫ్‌ఏఏ ఉందంటే ఎవరో చెరిపి కొట్టినట్టే.

చెరిపారా లేదా అన్నది ఎలా చూడాలో చెబుతాను. ఫ్యాక్టరీలో ఆ చదును మెషిన్ మీద కోసిందే, కాబట్టి దాని మీద ఒకే దిశలో సన్నటి కోత గీతలు ఉంటాయి. గీతలు ముందు, పంచ్ తర్వాత. అందుకే అసలు ముద్రలో గీతలు అక్షరం అంచుదాకా వచ్చి అక్కడ తెగినట్టు కనిపిస్తాయి. ఆకురాయితో అరగదీసిన చోట ఆ గీతలు పోయి అడ్డదిడ్డమైన గీకుళ్ళు మిగులుతాయి, లేదా చదును మధ్యలో కాస్త పల్లంగా ఉంటుంది. ఉక్కు స్కేలు అంచు ఆనించి వెనక టార్చి వెలిగించండి. మధ్యలో వెలుతురు కనిపిస్తే అక్కడ లోహం పోయింది. మీ మూడో ఫోటోలో ఎడమ పక్కన నాకు ఆకురాయి గీతలే కనిపిస్తున్నాయి, కానీ ఫోటోను నమ్మి తేల్చేయడం సరి కాదు. స్కేలు పెట్టి చూసి చెప్పండి.

అక్షరాలు వంకరగా ఉన్నాయన్న ఒక్క కారణంతో మాత్రం అనుమానించకండి. ఆ రోజుల్లో ఫ్యాక్టరీలో కూడా చేత్తో కొట్టిన ముద్రలు ఉండేవి, అవీ ఎగుడుదిగుడుగానే ఉంటాయి. చూడవలసింది అంకెల రూపం. 4 తల మూసి ఉందా తెరిచి ఉందా, 1కి కింద గీత ఉందా, 7 కాలు నిటారుగా ఉందా ఒంగి ఉందా, అంకెల ఎత్తు అన్నిటికీ ఒకటేనా అన్నవి గమనించండి. మన బజార్లో దొరికే పంచ్ సెట్టు అంకెలకు, ఆ కాలపు ఫ్యాక్టరీ అంకెలకు తేడా ఉంటుంది. ముట్టుకోని ఇంకో 1948 ఇంజిన్ ఫోటో పక్కన పెట్టుకుని చూస్తే కంటికి ఆనుతుంది.

శుభ్రం చేసే పద్ధతి: కిరోసిన్‌లో తడిపిన గుడ్డ ఒక రాత్రి దాని మీద వేసి ఉంచండి. పొద్దున ఇత్తడి బ్రష్‌తో మెల్లగా రుద్దండి. ఉక్కు బ్రష్ వద్దు, అది సన్నటి గీతల్ని మింగేస్తుంది. రంగు పొరలుంటే పెయింట్ రిమూవర్ వాడండి, గీకవద్దు. ఆరాక తెల్ల సుద్దముక్క అడ్డంగా పామి గుడ్డతో పైపైన తుడిస్తే సుద్ద గుంటల్లో నిలుస్తుంది. టార్చి ఎదురుగా పట్టకుండా పక్కనుంచి, దాదాపు లోహానికి ఆనుకునేంత వాలుగా పట్టండి. చెరిపేసిన పాత అంకెల నీడలు ఒక్కోసారి అప్పుడే కనిపిస్తాయి. తర్వాత పలచటి కాగితం పెట్టి పెన్సిల్ ప్రింట్ తీసుకోండి. ఆర్టీఓ ఆఫీసులో ఛాసిస్ నంబరుకు తీసేది ఇలాగే. ఫోటో కంటే పెన్సిల్ ప్రింటే నిజమైన కొలత చూపిస్తుంది.

చెరిపేసిన నంబరును యాసిడ్ పూసి బయటికి తెప్పించవచ్చని ఎవరైనా చెబితే, ఆ విద్య ఉన్నమాట నిజమే. పంచ్ దెబ్బకు అడుగున ఉన్న లోహం కూడా నలుగుతుంది. ఆ నలిగిన పొర రసాయనానికి వేరుగా స్పందిస్తుంది. కానీ అది ఫోరెన్సిక్ వాళ్ళు చేయవలసిన పని. షెడ్డులో చేస్తే ఉన్నది కూడా పోతుంది.

నంబర్లన్నీ పక్కన పెట్టినా మీ ఇంజిన్ తానెవరో ఒళ్ళంతా చెబుతోంది. నేను మౌంట్ రోడ్డు వెనక వర్క్‌షాపుల్లో పని నేర్చుకునే రోజుల్లో మా మేస్త్రి నంబరు చూడకముందే పక్క మూత చూసేవారు. 216లో స్పార్క్ ప్లగ్గుల వైపున్న పుష్‌రాడ్ మూత పొడుగ్గా, ప్లగ్గుల్ని కూడా కలుపుకుని పై దాకా లేచి ఉంటుంది. పైన వాల్వ్ కవరు నడినెత్తిన రెండు చోట్ల నట్లతో బిగించి ఉంటుంది. 1954 నుంచి వచ్చిన 235లో పక్క మూత పొట్టిది, ప్లగ్గుల కిందే ఆగిపోతుంది. వాల్వ్ కవరు కింది అంచున నాలుగు స్క్రూలతో ఉంటుంది. మీ మొదటి ఫోటోలో మూత పొట్టిది, స్క్రూలు అంచున ఉన్నాయి. నాకు సగం జవాబు అక్కడే దొరికింది. 1950 నుంచి 1953 వరకు వచ్చిన 235లకు పొడుగు మూతే ఉండేది కాబట్టి, పొడుగు మూత కనిపిస్తే మాత్రం 216 అని తొందరపడకూడదు. పొట్టి మూతకు ఆ గొడవ లేదు.

ఇక్కడ మనవాళ్ళకు తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. అమెరికా పుస్తకాల్లో ఈ చదును ‘ప్యాసింజర్ వైపు’ ఉందని రాస్తారు. వాళ్ళకు ప్యాసింజర్ కూర్చునేది కుడివైపు. మన దగ్గర అది డ్రైవర్ వైపు. ఆ మాట పట్టుకుని ఎడమవైపు వెతికి, నంబరే లేదని నిరాశపడినవాళ్ళను చూశాను. డ్రైవర్ సీట్లో కూర్చుని ముందుకు చూస్తే కుడి చెయ్యి ఎటుందో అటే కుడి అని అనుకుంటే చిక్కు ఉండదు.

ఇంకో మంచి ఆనవాలు డాష్‌బోర్డులో ఉంది. 216లో పిస్టన్లను క్రాంక్‌కు కలిపే కనెక్టింగ్ రాడ్లకు, వైట్‌మెటల్ అనే మెత్తటి లోహాన్ని కరిగించి పోసిన బేరింగులు. రాడ్ అడుగున చెంచాల్లాంటి డిప్పర్లు సంపులోని (ఇంజిన్ అడుగు తొట్టిలోని) నూనెను చిమ్ముకుంటాయి. అందుకే దానికి ఆయిల్ ప్రెజర్ తక్కువే, మీటరు కూడా 30 పౌండ్ల వరకే ఉంటుంది. 1954 నుంచి వచ్చిన 235లో విడిగా తీసి మార్చుకోగల షెల్ బేరింగులు, రాడ్ల దాకా ప్రెజర్‌తో వెళ్ళే నూనె. ఆ ఇంజిన్‌ను పాత మీటరుకు కలిపితే ముల్లు చివరికి వెళ్ళి అంటుకుంటుంది. ‘ఆయిల్ మీటరు పాడైంది, ఎప్పుడూ చివరనే ఉంటుంది’ అని మీరు రాశారు చూడండి, మీటరు పాడై ఉండకపోవచ్చు.

వాటర్ పంపు దగ్గర కూడా చూడండి. 1955 నుంచి వచ్చిన బ్లాకుకు సొంత పంపు పెడితే ఫ్యాన్ ఎత్తుగా వస్తుంది, పాత కారులో రేడియేటర్‌తో పేచీ. అందుకని తెలిసిన మెకానిక్కులు బ్లాకుకు, పాత పంపుకు మధ్య ఒక మందపాటి ప్లేటు పెట్టి పంపును కిందికి దించుతారు. ఆ ప్లేటు ఉంటే మార్చినవాడు పని తెలిసినవాడని అర్థం. ఫ్లైవీల్ (ఇంజిన్ వెనక స్టార్టర్ తిప్పే పళ్ళ చక్రం) కూడా ఇలాంటి ఆధారమే. 1948 కారు 6 వోల్టులది, 1955 కార్లకు 12 వోల్టులు వచ్చాయి. 6 వోల్టుల స్టార్టర్‌తో తిరిగే ఫ్లైవీల్‌కు 139 పళ్ళు, 12 వోల్టుల దానికి 168. మీ బండిలో ఇంకా 6 వోల్టుల బ్యాటరీయే ఉందన్నారు కాబట్టి పాత 216 ఫ్లైవీల్‌ను తీసి దీనికి బిగించి ఉంటారు.

ఏదో ఒకరోజు హెడ్ (బ్లాకు పైన సిలిండర్లను మూసే భాగం) దింపితే కొలతలు తీసుకోండి. బోరు అంటే సిలిండర్ వెడల్పు, స్ట్రోక్ అంటే పిస్టన్ పైనుంచి కిందికి కదిలే దూరం. 216కు బోరు మూడున్నర అంగుళాలు, స్ట్రోక్ మూడుంముప్పావు. 235కు బోరు 90.5 మిల్లీమీటర్లు, స్ట్రోక్ సరిగ్గా 100. బోరును మాత్రమే నమ్మవద్దు. ఇన్నేళ్ళలో బోరింగ్ చేసి ఉంటారు, లేదా స్లీవ్ వేసి ఉంటారు. స్ట్రోక్ క్రాంక్‌ది, బోరింగ్‌తో మారదు. పిస్టన్ పైనుంచి కింది వరకు ఎంత దిగిందో లోతు కొలిస్తే తేలిపోతుంది. 95 మిల్లీమీటర్ల పైచిలుకు వస్తే 216, 100 వస్తే 235. హెడ్ మీద కూడా కాస్టింగ్ నంబరు, తేదీ విడిగా ఉంటాయి, వాటినీ రాసి పెట్టుకోండి. బ్లాకుది ఒక సంవత్సరం, హెడ్‌ది ఇంకో సంవత్సరం అయితే, రెండు మూడు ఇంజిన్లు కలిపి ఒకటి కట్టారన్నమాట. పాత కార్లలో ఇది మామూలే.

కాస్టింగ్ నంబరు కూడా అన్నీ చెప్పేయదని గుర్తుంచుకోవాలి. ఒకే అచ్చులో పోసిన బ్లాకును వేర్వేరు సైజులకు కోసుకోవచ్చు. షెవర్లే వీ8ల్లో 3970010 అనే ప్రసిద్ధమైన కాస్టింగ్ ఉంది. అది 350 ఇంజిన్లలోనూ వచ్చింది, 1969లో 302లోనూ వచ్చింది. అచ్చు నంబరు ఒకటే, ధరలో మాత్రం ఆకాశానికీ భూమికీ తేడా. అలాంటి చోట పంచ్‌లోని చివరి అక్షరాలే దిక్కు. అందుకే ఆ చదునుల మీద దొంగ ముద్రలు కూడా ఎక్కువ.

మార్పు ఎందుకు జరిగి ఉంటుంది? నాకైతే ఇందులో మోసం కంటే అవసరమే ఎక్కువ కనిపిస్తోంది. జనరల్ మోటార్స్ 1928 నుంచి బొంబాయిలో కార్లు బిగించి, 1954లో మూసేసి వెళ్ళిపోయింది. ఆ తర్వాత విదేశీ విడిభాగాలు దొరకడం కష్టమైంది. వైట్‌మెటల్ పోసి, చేత్తో స్క్రేప్ చేసి రాడ్లు కూర్చోబెట్టే మేస్త్రులూ తగ్గిపోయారు. అదే కుటుంబానికి చెందిన, బలమైన 235 ఒకటి ట్రక్కు నుంచో, ప్రమాదంలో పాడైన కారు నుంచో దొరికితే ఎవరైనా ఎక్కించుకునేవారే. పుదుపేటలో, జనరల్ ప్యాటర్స్ రోడ్డులో ఇలా బతికిన కార్లు ఎన్నో. డీజిల్ ఇంజిన్ వేయించుకున్న అమెరికన్ కార్లూ ఉన్నాయి. మన మద్రాసులోనే సింప్సన్ వాళ్ళు పెర్కిన్స్ డీజిల్ ఇంజిన్లు తయారు చేసేవారు. మీ పెదనాన్నగారు షెవర్లే గుండెను షెవర్లేలోనే ఉంచారు, నాకు అది సంతోషంగా ఉంది. తప్పల్లా ఆర్టీఓకు చెప్పి నంబరు మార్పించకుండా, పాత నంబరు కొట్టించడమే. అప్పట్లో చాలామంది ఆ దారే పట్టారు.

ఆ తప్పును ఇప్పుడు సరిదిద్దాలంటే ఇంకోసారి పంచ్ కొట్టడం దారి కాదు. మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 52 ప్రకారం ఇంజిన్ మార్చితే రిజిస్టరింగ్ అథారిటీకి 14 రోజుల్లో తెలియజేయాలి. ఆ గడువు ఎప్పుడో దాటిపోయింది కాబట్టి ముందు వాహన విషయాలు తెలిసిన లాయరును కలవండి. ఫోటోలు, పెన్సిల్ ప్రింట్లు, కాస్టింగ్ తేదీ, కారు మీ కుటుంబంలో ఎప్పటినుంచి ఉందో చూపే కాగితాలు, పాత పన్ను రసీదులు, ఇన్సూరెన్సులు, వర్క్‌షాపు బిల్లు ఏదైనా మిగిలి ఉంటే అదీ, అన్నీ ఒక ఫైల్లో పెట్టుకోండి. ఇంజిన్ మార్చిన బిల్లు పాత ట్రంకుపెట్టెల్లో దొరికే అవకాశం ఉంది, ఓపిగ్గా వెతకండి. ఛాసిస్ నంబరు ఆర్సీతో సరిపోతోందా అన్నది అన్నిటికంటే ముందు చూడండి. అది సరిపోతే కారు గుర్తింపు భద్రంగా ఉన్నట్టే, మిగతాది ఇంజిన్ వివరణ మాత్రమే. సరిపోకపోతే ఇంకేమీ చేయకుండా నేరుగా లాయరు దగ్గరికి వెళ్ళండి. చెరిపిన నంబరును మళ్ళీ చెరిపి కొట్టిస్తే, పాత తప్పు మీ చేత్తో చేసిన కొత్త నేరంగా మారుతుంది. ఆ మెకానిక్‌కు ఈ మాట గట్టిగానే చెప్పండి.

వింటేజ్ రిజిస్ట్రేషన్ గురించి కూడా అడిగారు. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్ళు దాటిన వాహనాలకు వీఏ అక్షరాలతో ప్రత్యేక వరుస ఉంది. కొత్త రిజిస్ట్రేషన్‌కు ఫీజు 20,000 రూపాయలు, తర్వాత పునరుద్ధరణకు 5,000. అయితే వాహనం అసలు రూపంలో ఉండాలని, ఛాసిస్, బాడీ, ఇంజిన్లలో పెద్ద మార్పులు జరిగి ఉండకూడదని షరతు. మీ కారులో ఇంజిన్ మారింది కాబట్టి దరఖాస్తులో ఉన్నది ఉన్నట్టు రాయండి. దాచి రిజిస్ట్రేషన్ తెచ్చుకుంటే, తెలిసినవాడు బానెట్ ఎత్తిన రోజున పొట్టి మూత చూసి పట్టేస్తాడు.

ఈ ప్రశ్న చూసి తమ కార్ల గురించి అడిగేవాళ్ళ కోసం మిగతావాటిని కొంచెం తాకి వదిలేస్తాను. 1932 నుంచి 1948 వరకు వచ్చిన ఫోర్డ్ ఫ్లాట్‌హెడ్ (వాల్వులు హెడ్‌లో కాకుండా బ్లాకులోనే ఉండేది) వీ8లో బ్లాకు మీద నంబరు కోసం వెతకకండి. అది గేర్‌బాక్స్ హౌసింగ్ మీద, ఫ్రేము మీద ఉండేది. గేర్‌బాక్స్ మారితే ‘ఇంజిన్ నంబరు’ కూడా మారిపోయినట్టే, పాపం ఇంజిన్ ప్రమేయం లేకుండానే. దాని తరం తెలియాలంటే ఒక్కో హెడ్‌ను బిగించే స్టడ్లు లెక్కపెట్టండి: 21 ఉంటే ముందుది, 24 ఉంటే 1938 నుంచి వచ్చినది. అంతకు ముందటి మోడల్ ఏకైతే బ్లాకు ఎడమ పక్కన, నీళ్ళ పైపు వచ్చే చోటికి పైన, నక్షత్రం గుర్తుల మధ్య ఉంటుంది.

డాడ్జ్, ప్లిమత్ ఆరు సిలిండర్ల ఫ్లాట్‌హెడ్‌లకు బ్లాకు ఎడమవైపు ముందు భాగంలో, హెడ్‌కు కొంచెం కింద చదును ఉంటుంది. 1946-48 ప్లిమత్‌కు పి15, డాడ్జ్‌కు డి24. అక్షరం చూడకుండానే హెడ్ పొడవు కొలిచి సగం తెలుసుకోవచ్చు. అమెరికా డాడ్జ్, ప్లిమత్‌లకు 23 అంగుళాలు. క్రైస్లర్, డిసోటోలకు, కెనడాలో తయారైనవాటికి 25. మన దేశానికి కెనడా సరుకు కూడా వచ్చింది కాబట్టి టేపు వాడటం మరిచిపోవద్దు.

బ్రిటన్ బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) ఇంజిన్లలో నంబరు తరచుగా చిన్న రేకు మీద కొట్టి, ఆ రేకును బ్లాకుకు రివిట్లతో బిగించేవారు. రేకు ఊడదీసి ఇంకో బ్లాకుకు కొట్టడం నిమిషాల పని, కాబట్టి రివిట్ల తలలు కొత్తవా పాతవా చూడండి. ఎంజీబీ స్పోర్ట్స్ కారులో 18జీబీ అంటే 18 సుమారు 1800 సీసీ, జీ ఎంజీకి. 18జీ, 18జీఏ అయితే క్రాంక్‌కు మూడు బేరింగులు, 18జీబీ నుంచి అయిదు. విడిభాగాలు కొనేటప్పుడు ఈ ఒక్క అక్షరం వేల రూపాయలు కాపాడుతుంది. తర్వాత వచ్చే హెచ్ హై కంప్రెషన్‌కు, ఎల్ లో కంప్రెషన్‌కు. ట్రయంఫ్‌లలో ఇదే సంగతి నంబరు చివర హెచ్‌ఈ, ఎల్‌ఈ అని వస్తుంది. మన వండలూరు దగ్గర తయారైన స్టాండర్డ్ హెరాల్డ్‌లోని 948 సీసీ ఇంజిన్ ఆ కుటుంబానిదే. జాగ్వార్ ఎక్స్‌కే ఇంజిన్లలో నంబరు చివరి 7, 8, 9 అంకెలు కంప్రెషన్ నిష్పత్తి. అదే నంబరు బ్లాకు మీద, హెడ్ ముందు భాగంలో రెండు చోట్లా ఉండాలి. ఒకచోట ఒకటి, ఇంకోచోట ఇంకోటి ఉంటే హెడ్ మారింది.

మళ్ళీ మీ షెవర్లే దగ్గరికి. 216 వెతికి తెచ్చి పెట్టాలా అని చివర్లో అడిగారు. ప్రదర్శనలకు మాత్రమే తీసుకెళ్ళే కారైతే, ఫ్యాక్టరీ ముద్ర చెడని 1948 బ్లాకు దొరికితే, ఆలోచించవచ్చు. అప్పుడు కూడా ఆ బ్లాకు నంబరు దానిదే ఉండాలి, మీ ఆర్సీ నంబరు దాని మీద కొట్టించకూడదు. ఇంట్లోవాళ్ళను ఎక్కించుకుని ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద మహాబలిపురం వరకు వెళ్ళి రావాలనుకుంటే ఈ 235నే ఉంచుకోండి. మన ఎండల్లో, ఈ ట్రాఫిక్‌లో, రాడ్ల దాకా ప్రెజర్‌తో నూనె అందే ఇంజిన్ మీకు నిశ్చింత. వైట్‌మెటల్ రాడ్ ఒకటి కొట్టుకోవడం మొదలైతే పోసేవాడిని వెతకడానికే నెలలు పడుతుంది.

వచ్చే ఆదివారం షెడ్డుకు వెళ్ళినప్పుడు నాలుగు ఫోటోలు తీసి పెట్టండి: పక్కనుంచి టార్చి పడేలా పంచ్ చదును, కాస్టింగ్ నంబరు తేదీతో సహా, వాటర్ పంపు బ్లాకును కలిసే చోటు, హెడ్ మీద ఉబ్బెత్తు అంకెలు. ఛాసిస్ నంబరు ఆర్సీతో సరిపోయిందో లేదో కూడా రాయండి, నంబరు పూర్తిగా ఇక్కడ పెట్టకండి. హెడ్ తేదీ తెలిస్తే అది ఈ బ్లాకుతో వచ్చిందో, తర్వాత ఎవరైనా మార్చారో చెబుతాను. దాన్ని బట్టి గ్యాస్కెట్ ఏది తెప్పించాలో తేల్చుకోవచ్చు.